నెడగొల్ల ఇనుముకు కన్నవారెవరు?

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో బస్సు దిగిన కొత్త మనిషి చూపు మొదట సిద్ధుల గుట్ట మీద పడుతుంది. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఊరు ఇది. చుట్టూ పసుపు, మక్క, ఎర్రజొన్న చేలు. వాటి మధ్య ఎవరో తెచ్చి పేర్చినట్టు నల్లటి బండలు. నవనాథుల గుడి ఆ బండల సందుల్లోనే ఉంది. ఇంత చదును నేలలో ఇన్ని రాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఆకాశం నుంచి గానీ పడ్డాయా అని అనుమానం రావడం సహజమే. పడలేదు. తెలంగాణ గ్రానైట్‌లో ఎక్కువ భాగంలాగే ఇవీ నేల లోతుల్లో సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట గడ్డకట్టిన శిలలు. పైపొరలు అరిగి కొట్టుకుపోగా బయటపడ్డాయి. పగుళ్ల వెంట నీరు దిగి అంచులు రాలి గుండ్రాలయ్యాయి. పుట్టినచోటు వదలని రాళ్లివి.

పుట్టినచోటు ఏదో తెలియని ముద్ద ఒకటి తెలుగునేల మరో కొసన పడింది. 1870 జనవరి 23న, అప్పటి మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా పార్వతీపురం దగ్గర ఆకాశం నుంచి ఇనుప ముద్ద రాలింది. ఒక్కటే ముద్ద, బరువు సుమారు 4.6 కిలోలు. ప్రపంచ ఉల్కాశిలల జాబితాలో దాని పేరు ‘నెడగొల్ల’. నూట యాభై ఏళ్లపాటు దాన్ని ఏ కుటుంబంలో చేర్చాలో ఎవరికీ పాలుపోలేదు. 2022లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దాని పరమాణువుల లెక్క తీశారు. తేలిన సంగతి విచిత్రమైనది: నెడగొల్లకు కన్నవారు ఇద్దరు. ఒకరు సూర్యుడికి దగ్గరగా, రెండోవారు గురుగ్రహానికి అవతల పుట్టినవారు. ఇద్దరిలో ఒక్కరి ఆచూకీ కూడా ఇవాళ లేదు.

నేల ఇనుము, నింగి ఇనుము

పొలం దున్నుతుంటే నల్లగా, బరువుగా, అయస్కాంతానికి అంటుకునే ముద్ద దొరికితే అది ఉల్కే అనుకోవడానికి లేదు. నిజామాబాద్ జిల్లాలో అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆర్మూర్‌కు తూర్పున, కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముందర్ ఒకప్పుడు ఉక్కుకు పేరుమోసిన ఊరు. మట్టి మూసల్లో ఇనుమును, కర్బనాన్నిచ్చే పదార్థాలను మూసిపెట్టి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి కమ్మరులు అక్కడ ఉక్కు ముద్దలు తీసేవారు. వాటి కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఈ పనిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి పాత కొలిముల జాడలు నమోదు చేశాయి.

ఆ కొలిములు వదిలిన చిట్టెం ఇప్పటికీ చెలకల్లో, చెరువు గట్ల మీద కనిపిస్తుంది. చూడటానికి అచ్చం ఉల్కలాగే ఉంటుంది. ప్రపంచమంతటా ఉల్క దొరికిందని జనం మ్యూజియాలకు తెచ్చిచ్చే ముద్దల్లో చిట్టెం వాటా తక్కువేమీ కాదు. తేడా పట్టిచ్చేది నికెల్. కొలిమి ఇనుములో అది దాదాపు ఉండదు. ఆకాశం నుంచి వచ్చిన ఇనుములో సాధారణంగా నూటికి ఐదు వంతులకు తగ్గదు. ఈ గుర్తును మొదట పట్టుకున్నవాడు ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఆంగ్లేయ రసాయన శాస్త్రవేత్త. రాళ్లు ఆకాశం నుంచి పడతాయంటే యూరప్ పండితులు నమ్మని రోజులవి. 1798లో కాశీ దగ్గర పడిన రాళ్లను, మరికొన్ని చోట్ల పడినవాటిని హోవర్డ్ పక్కపక్కన పెట్టి పరీక్షించాడు. వేల మైళ్ల దూరంలో పడిన రాళ్లన్నింట్లోనూ నికెల్ కలిసిన ఇనుము రవ్వలే కనిపించాయి. 1802లో ఆ ఫలితం వెలువడ్డాక ఎగతాళి తగ్గింది.

నెడగొల్ల నికెల్ ఉన్న ఇనుమే, పైగా పడుతుండగా చూసి సేకరించినది. అలాంటివి బహు అరుదు. ప్రపంచం మొత్తమ్మీద పడుతుండగా చూసి సేకరించిన ఉల్కాశిలలు 1,200 పైచిలుకు ఉంటే, వాటిలో పూర్తి ఇనుపవి 50 దరిదాపుల్లోనే ఉన్నాయి. మిగతా ఇనుప ఉల్కలన్నీ ఎప్పుడో పడి, తర్వాత ఎవరి కంటో పడ్డవి.

ఇనుము ఎలా వేరుపడింది?

ఆకాశంలో వట్టి ఇనుము ఎక్కడి నుంచి వచ్చింది? సౌరకుటుంబం పుట్టి 456 కోట్ల ఏళ్లు దాటింది. సూర్యుడి చుట్టూ తిరిగిన ధూళి, వాయువుల పళ్లెంలో రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ కిలోమీటర్ల కొలది గోళాలయ్యాయి. వాటిలో రాయి, ఇనుము కలగలిసే ఉండేవి. రెండూ విడిపోవాలంటే గోళం కరగాలి. కొన్ని పదుల కిలోమీటర్ల బుల్లి గోళం కరిగేంత వేడి ఎక్కడిది?

దానికి జవాబు దొరకడంలో రాజస్థాన్‌లో పడిన ఒక రాయికీ భాగముంది. 1996 జూన్ 20న పిప్లియా కలాన్ అనే ఊళ్లో పడిన ఉల్కాశిలను అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు జి. శ్రీనివాసన్, జె.ఎన్. గోస్వామి, ఎన్. భండారి పరిశీలించారు. అది ఒకప్పుడు కరిగి గడ్డకట్టిన లావా రాయి. అందులో అల్యూమినియం-26 ఉండిపోయిన గుర్తు కనిపించింది. ఆ మూలకం ఏడు లక్షల ఏళ్లకు సగం చొప్పున విచ్ఛిన్నమై మెగ్నీషియంగా మారుతుంది, మారుతూ వేడి వదులుతుంది. 1999లో వారు ప్రకటించిన ఈ ఫలితం, తొలినాళ్ల బుల్లి గోళాలను లోపలి నుంచి కరిగించింది అల్యూమినియం-26 అన్న వాదనకు గట్టి ఆధారమైంది.

కరిగిన గోళంలో బరువైన ఇనుము, నికెల్ అడుగుకు దిగి నడిగర్భంగా మారాయి. తేలికైన రాతి పదార్థం పైన గుల్లగా మిగిలింది. తర్వాత గోళాలు ఒకదాన్నొకటి గుద్దుకుని బద్దలయ్యాయి. భూమి నడిగర్భాన్ని మనం ఎన్నడూ చేతితో ముట్టుకోలేం. చాలా ఇనుప ఉల్కలు మాత్రం అలాంటి గర్భాల ముక్కలే. ఇనుప ఉల్కల్లో చాలావాటిని కోసి నునుపు చేసి ఆమ్లం పూస్తే, ఒకదాన్నొకటి కోసుకుపోయే పట్టీల అల్లిక పైకి తేలుతుంది. పది లక్షల ఏళ్లకు కొన్ని పదుల నుంచి కొన్ని వేల డిగ్రీల చొప్పున, అంటే ఊహకందనంత మెల్లగా చల్లారితేనే ఆ అల్లిక వస్తుంది. ఏ కమ్మరి కొలిమిలోనూ అది సాధ్యం కాదు. నెడగొల్లలో ఆ అల్లిక కూడా లేదు. మొదటి నుంచీ అది వేరు బాపతే.

కన్నవారు దొరికిన పిల్లలు

ఆకాశం నుంచి తప్పిపోయి వచ్చిన రాళ్లన్నీ అనాథలేం కావు. కొన్నింటి కన్నవారిని పోలీసు దర్యాప్తును మించిన ఓపికతో పట్టుకున్నారు.

1865 ఆగస్టు 25న బిహార్‌లోని షేర్‌ఘాటీలో సుమారు ఐదు కిలోల రాయి పడింది. వందేళ్లకు పైగా దాని పుట్టిల్లు తెలియలేదు. తోటి రాళ్లతో పోలిస్తే దాని వయసు మరీ తక్కువ, అంటే అది పుట్టిన గోళం చాలాకాలం అగ్నిపర్వతాలతో చురుగ్గా ఉండి ఉండాలి. 1979-80లో అంటార్కిటికాలో అదే కోవకు చెందిన మరో రాయి దొరికింది. దాని గాజు చారల్లో చిక్కుకున్న వాయువులను డొనాల్డ్ బొగార్డ్, ప్రాట్ జాన్సన్ కొలిచి 1983లో ప్రకటించారు. 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి కొలిచిన గాలితో ఆ వాయువులు సరిపోయాయి. బిహార్ రాయి అంగారకుడి బిడ్డ అని అలా తేలింది. దాని పేరుమీదే ఈ జాతి రాళ్లన్నింటినీ ‘షెర్గొటైట్లు’ అంటారు.

పిప్లియా కలాన్ రాయి కోవకు చెందినవాటి తల్లిని వెలుగు పట్టించింది. 1970లో వెస్టా అనే గ్రహశకలం మీద నుంచి పరావర్తనం చెందిన సూర్యకాంతిని వర్ణపటంగా విడదీసి చూస్తే, ఈ లావా రాళ్ల వర్ణపటంతో కలిసింది. 2011లో డాన్ నౌక వెస్టాను చేరి ఏడాదికి పైగా చుట్టూ తిరిగింది. 525 కిలోమీటర్ల ఆ గోళం దక్షిణ కొసన దాదాపు 500 కిలోమీటర్ల గొయ్యి కనిపించింది. పిల్లలు విడిపోయిన చోటు అదేనని అత్యధికుల అభిప్రాయం.

మూడో దారి, నేరుగా అక్కడికే వెళ్లి తేవడం. జపాన్ నౌక హయబుసా 2010లో ఇటొకావా గ్రహశకలం నుంచి ధూళి రేణువులు తెచ్చింది. ఎల్.ఎల్. తరగతి అని పిలిచే రాతి ఉల్కలతో అవి సరిపోలాయి. 1857లో మదురై ప్రాంతంలో పడిన పర్నల్లి రాయిది కూడా అదే తరగతి.

నాలుగో దారి కక్ష్యల లెక్క. 1852లో నెల్లూరు జిల్లాలో పడి ‘యాటూరు’ పేరుతో నమోదైన రాయి హెచ్ తరగతిది. భూమి మీద పడే రాళ్లలో ఇది మహా మామూలు రకం. ఇన్ని రాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది చాలాకాలం తేలలేదు. 2024లో యూరప్ ఖగోళ శాస్త్రవేత్తల బృందాలు గ్రహశకలాల కుటుంబాల కక్ష్యలను, వయసును, వర్ణపటాలను కలిపి లెక్కగట్టాయి. భూమికి వచ్చే ఉల్కాశిలల్లో నూటికి 70 వంతులు కరిన్, కొరోనిస్, మస్సాలియా అనే కేవలం మూడు చిన్న కుటుంబాల నుంచే వస్తున్నాయని తేల్చాయి. కొరోనిస్, కరిన్ కుటుంబాలు హెచ్ తరగతికి, మస్సాలియా ఎల్ తరగతికి మూలం. ఈ కుటుంబాలు పుట్టింది గత నాలుగు కోట్ల ఏళ్లలో జరిగిన గుద్దుళ్లతోనే. ముక్కలింకా చెదిరిపోలేదు కాబట్టే అంత ఎక్కువగా మన దారికి వస్తున్నాయి.

ఇనుప ఉల్కల విషయంలో ఈ దారులేవీ సరిగా పనిచేయవు. ఇనుము మీద పడి తిరిగివచ్చే కాంతిలో గుర్తుపట్టదగ్గ చారలు దాదాపు ఉండవు. పైగా ఇనుము గట్టిది. అంతరిక్షంలో కోట్ల ఏళ్లు తిరిగినా పిండి కాదు. అంతసేపు తిరిగాక బయల్దేరిన కక్ష్య గుర్తుండదు. తల్లి బద్దలై ఎన్నో కోట్ల ఏళ్లయినా పిల్ల తిరుగుతూనే ఉంటుంది.

ఐదుగురుంటేనే కుటుంబం

అందుకే ఇనుప ఉల్కల్ని రసాయన పోలికలతో వర్గాలుగా విడదీస్తారు. నికెల్, గాలియం, జర్మేనియం, ఇరిడియం పాళ్లు ఒక క్రమంలో ఉన్నవన్నీ ఒకే గర్భం నుంచి వచ్చాయని లెక్క. ఇలాంటి వర్గాలు 13 దాకా ఉన్నాయి. కొత్త వర్గానికి పేరు పెట్టాలంటే కనీసం ఐదు ఉల్కలు ఒకే పోలికతో దొరకాలన్నది నియమం. ఆ ఐదు దొరకనివి ‘వర్గం లేనివి’గా ఉండిపోతాయి. ఇనుప ఉల్కల్లో వీటి వాటా చిన్నదేం కాదు. వీటన్నింటినీ కలుపుకుంటే, మన దగ్గరున్న ఇనుప ఉల్కలు కనీసం యాభై వేర్వేరు గోళాల గర్భాల నుంచి వచ్చి ఉంటాయని అంచనా. ఆ యాభైలో ఇప్పటికీ గోళంగా మిగిలినవి ఎన్నో చెప్పలేం.

నెడగొల్ల ఈ వర్గం లేనివాటిలోనూ తేడాగానే ఉంది. తేలిగ్గా ఆవిరయ్యే మూలకాలు అందులో విపరీతంగా తక్కువ. మరోపక్క లోహంలో సిలికాన్, క్రోమియం ఎక్కువ. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్నచోట మాత్రమే సిలికాన్ రాతిని వదిలి లోహంలోకి వస్తుంది. మాలిబ్డినం, టంగ్‌స్టన్ మాత్రం ఉండాల్సినదానికన్నా తక్కువ. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోట జరిగేది అదే. ఒకే ముద్దలో రెండు విరుద్ధమైన సాక్ష్యాలు. ఇందులో ఏది నిజమో చెప్పాలంటే మరింత లోతుకు, పరమాణువుల కేంద్రకాల దాకా పోవాలి.

విరిచి చూస్తేనే తెలిసే జాతి

పసుపు మార్కెట్లో చేసేదీ ఇలాంటి పనే. ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ చేశాక కొమ్ములన్నీ పైకి ఒకేలా మెరుస్తాయి. ఆర్మూర్ రకమా, దుగ్గిరాల రకమా, ఇంకోటా అన్నది పైచూపుకు తేలదు. ఖరీదుదారు సంచిలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి ఫట్టుమని విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. కొమ్మును మండ నుంచి విడదీసి నెలలైనా, ఎన్ని మంటల మీద ఉడికినా, మండలో ఉన్న రంగే దాని కడుపులోనూ ఉంటుంది.

ఉల్కలో ఆ లోపలి రంగు ఐసోటోపుల పాళ్లు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల పాళ్లు. మాలిబ్డినానికి ప్రకృతిలో ఏడు ఐసోటోపులున్నాయి: 92, 94, 95, 96, 97, 98, 100. వీటన్నింటి రసాయన గుణం ఒకటే. కరిగించినా, గడ్డకట్టించినా, ఆమ్లంలో వేసినా వాటి పాళ్లలో వచ్చే మార్పు స్వల్పం, ఆ మార్పును లెక్కతో సరిచేయవచ్చు. కానీ అవి పుట్టినచోట్లు వేరు. కొన్ని ముసలి నక్షత్రాల్లో న్యూట్రాన్లు ఒక్కొక్కటిగా మెల్లగా చేరడంతో పుట్టాయి. కొన్ని మహా విస్ఫోటాల్లో న్యూట్రాన్లు ఒక్కసారిగా కుప్పపడటంతో పుట్టాయి. సూర్యుడికి ముందే చచ్చిపోయిన ఆ నక్షత్రాల ధూళి మన సౌరకుటుంబపు పళ్లెంలో అంతటా ఒకే తీరుగా కలవలేదు. ఒకచోట ఒకటి కాస్త ఎక్కువ, మరోచోట మరొకటి. తేడా పదివేలలో ఒకటి రెండు వంతులే. ఆ తేడాయే పుట్టిల్లు చెబుతుంది.

అంత చిన్న తేడాను కొలిచే పని ఎలా ఉంటుందంటే, ముందు ఉల్క నుంచి చిన్న ముక్కను రంపంతో కోస్తారు. రంపం తాకిన పైపొరను రాపిడితో, ఆమ్లంతో తీసేస్తారు, ఎందుకంటే పరికరం నుంచి అంటిన మాలిబ్డినం కూడా లెక్కను చెడగొడుతుంది. మిగిలిన లోహాన్ని శుద్ధి చేసిన ఆమ్లంలో కరిగిస్తారు. ఆ ద్రావణాన్ని సన్నటి గొట్టాల్లో నింపిన రెసిన్ గుళికల మీదుగా చుక్క చుక్కగా పోస్తారు. ఏ చుక్కలో ఇనుము దిగిపోతుందో, ఏ చుక్కలో మాలిబ్డినం దిగుతుందో ముందే తెలుసు కాబట్టి దాన్ని వేరుగా పట్టుకుంటారు. తర్వాత అది వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి వెళ్తుంది. విద్యుదావేశం పొందిన పరమాణువులు అయస్కాంత క్షేత్రంలో వంపు తిరుగుతాయి. తేలికవి ఎక్కువ, బరువైనవి తక్కువ వంగుతాయి. ఒక్కో బరువుకు ఒక్కో గిన్నె. ఏ గిన్నెలో ఎంత పడిందో యంత్రం లెక్కపెడుతుంది. కోట్ల ఏళ్లు అంతరిక్షంలో తిరిగినప్పుడు విశ్వకిరణాలు కూడా ఐసోటోపులను కాస్త మారుస్తాయి. ఆ దెబ్బ ఎంతో ప్లాటినం ఐసోటోపుల్లో చూసి, దాన్ని మినహాయిస్తారు.

గురుగ్రహానికి ఇటు, అటు

2011లో పాల్ వారెన్ అనే అమెరికా శాస్త్రవేత్త అప్పటిదాకా వచ్చిన ఐసోటోపు కొలతలన్నీ ఒక పటం మీద పెట్టి చూశాడు. ఉల్కాశిలలు రెండు గుంపులుగా విడిపోయాయి. నడుమ ఖాళీ. ఒక గుంపులో భూమి, అంగారకుడు, వెస్టా, మామూలు రాతి ఉల్కలు. రెండో గుంపులో కర్బనం, నీరు కలిగిన ఉల్కలు. తర్వాత మాలిబ్డినం కొలతలతో ఇనుప ఉల్కలూ ఇదే తీరుగా రెండు కుదుళ్లుగా చీలాయని తేలింది. మాలిబ్డినం-94, 95 పాళ్లను గీతగీస్తే రెండు కుదుళ్లూ రెండు సమాంతర రేఖల మీద వరసగా నిలబడతాయి. బయటి కుదురు రేఖ కాస్త పైన ఉంటుంది, విస్ఫోటాల్లో పుట్టిన సరుకు అందులో కాస్త ఎక్కువ.

ఒకే పళ్లెంలో తిరిగిన ధూళి రెండుగా ఎలా విడిపోయింది? రెండూ ఒకే కాలంలో, లక్షల ఏళ్లపాటు కలవకుండా పక్కపక్కన ఉండాలంటే మధ్యలో ఏదో అడ్డుగోడ ఉండాలి. 2017లో థామస్ క్రుయెర్, థోర్స్టన్ క్లైన్, వారి సహచరులు ఆ గోడ గురుగ్రహమేనని లెక్కగట్టారు. సౌరకుటుంబం మొదలై పది లక్షల ఏళ్లు గడవకముందే గురుడి గర్భం భూమికి 20 రెట్ల బరువుకు చేరింది. 30, 40 లక్షల ఏళ్ల నాటికి 50 రెట్లకు పెరిగింది. అంత బరువైన గ్రహం పళ్లెంలో గాడి తవ్వుతుంది. బయటి నుంచి లోపలికి కొట్టుకొచ్చే ధూళి ఆ గాడి దగ్గర ఆగిపోతుంది. ఇటు లోపలి కుదురు, అటు బయటి కుదురు. దేనికది గోళాలు కట్టుకుంది.

కానీ గోడగా నిలిచిన గురుడే తర్వాత గోడను బద్దలు కొట్టాడు. ఇంకా పెరిగి వాయువును మీదికి లాక్కునేటప్పుడు పెరిగిన గురుత్వాకర్షణతో బయటి గోళాలను కక్ష్యల నుంచి విసిరికొట్టాడు. వాటిలో కొన్ని లోపలికి వచ్చిపడ్డాయి. రెండు కుదుళ్ల గోళాలు ఎదురుపడి గుద్దుకుని ఉండాలని కంప్యూటర్ లెక్కలు చెబుతూనే ఉన్నాయి. చేతికందిన సాక్ష్యం మాత్రం లేదు. కొలిచిన ఉల్కలన్నీ ఈ గట్టునో, ఆ గట్టునో ఉన్నాయి.

నడుమ ఖాళీలో ఒక చుక్క

ఆ ఖాళీలో పడ్డది నెడగొల్ల. ఫ్రిడొలిన్ స్పిట్జర్, క్రిస్టఫ్ బుర్ఖార్ట్, యోనాస్ పాపె, థోర్స్టన్ క్లైన్ 2022లో ప్రచురించిన పరిశోధనలో మాలిబ్డినం, రుథేనియం, నికెల్ మూడింటి ఐసోటోపులనూ కొలిచారు. మూడూ రెండు కుదుళ్లకు మధ్యలోనే వచ్చాయి. రెండు కుదుళ్ల రక్తం కలిసిన మొదటి ఉల్క ఇదే. సిలికాన్ ఒక మాట, మాలిబ్డినం ఇంకో మాట ఎందుకు చెబుతున్నాయో దీనితో తేలిపోయింది. రెండూ నిజమే. ఆక్సిజన్ తక్కువున్న లోపలి గోళం గుర్తు ఒకటి, ఆక్సిజన్ ఎక్కువున్న బయటి గోళం గుర్తు రెండోది.

కలిసింది ఎప్పుడు? దానికి మరో గడియారం ఉంది. హఫ్నియం-182 అనే రేడియోధార్మిక మూలకం 89 లక్షల ఏళ్లకు సగం చొప్పున టంగ్‌స్టన్-182గా మారుతుంది. హఫ్నియం రాతిని వదలదు, టంగ్‌స్టన్ ఇనుముతో పోతుంది. గోళం కరిగి ఇనుము గర్భంలోకి దిగిన క్షణం నుంచి ఆ ఇనుములో కొత్త టంగ్‌స్టన్-182 పుట్టదు, ఎందుకంటే పుట్టించే హఫ్నియం పైన రాతిలో ఉండిపోయింది. అంటే గర్భం ఏర్పడిన వేళ ఇనుములో ముద్రపడిపోతుంది. చాలా ఇనుప ఉల్కల్లో ఆ ముద్ర సౌరకుటుంబం పుట్టిన మొదటి కొన్ని లక్షల, కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే పడింది. నెడగొల్ల ముద్ర బాగా ఆలస్యం, 70 లక్షల ఏళ్లు దాటాకే. ఆ ఆలస్యానికి తగ్గ కారణం ఒకటే: గర్భం ఒకసారి ఏర్పడ్డాక, గుద్దుడుతో మళ్లీ కరిగి, చుట్టూ ఉన్న రాతితో కలిసి, కొంత టంగ్‌స్టన్-182ను కొత్తగా పీల్చుకుంది. ఆ రాయి ఎక్కువగా లోపలి గోళానిదేనని కూడా కొలతలు చెబుతున్నాయి.

ఆ గుద్దుడు తీరును కూడా శాస్త్రవేత్తలు ఊహించారు. గ్రహాల పుట్టుకలో రెండు గోళాలు ఎదురెదురుగా కాక ఏటవాలుగా రాసుకుంటే, పెద్దది తన దారిన తాను పోతుంది. చిన్నది గుల్ల పోగొట్టుకుని, గర్భం బయటపడి, సాగి, తునకలై వెనక వరసగా తేలుతుంది. గుద్దిపోయే గుద్దుడు ఇది. బయటపడిన కరిగిన ఇనుము మీద రాతి ఒత్తిడి ఉండదు, దానిలో తేలిగ్గా ఆవిరయ్యేవన్నీ శూన్యంలోకి ఎగిరిపోతాయి. నెడగొల్లలో ఆ మూలకాలు అంత తక్కువగా ఉండటానికి ఇది సరిపోయే వివరణ. ఇది ఒక్కటే దారి అని వారు అనలేదు, సరిపోయే దారి అన్నారు.

కన్నవారిని ఎక్కడ వెతకాలి?

లోపలి గోళం పెద్దదైతే, గుద్దుకున్నాక ఏ గ్రహంలోనో కలిసిపోయి ఉండవచ్చు. బయటి గోళం ముక్కలై గ్రహశకలాల పట్టీలో చెదిరి ఉండవచ్చు. గురుడి విసురుకు సౌరకుటుంబం దాటిపోయి కూడా ఉండవచ్చు. 456 కోట్ల ఏళ్ల కిందట పట్టీలో ఉన్న సరుకులో ఇవాళ మిగిలింది కొద్దిపాటే. మిగిలినదంతా కలిపినా మన చందమామ బరువులో నూటికి ఐదు వంతులు కూడా రాదు.

లోహం ఎక్కువగా ఉందని భావిస్తున్న గ్రహశకలం సైకీ దగ్గరికి 2023 అక్టోబరు 13న అమెరికా ఒక నౌకను పంపింది. 2029లో చేరాలి. సుమారు 220 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గోళం నిజంగా ఒలిచిన గర్భమేనా, లేక లోహం, రాయి కలిసిన మరోటా అన్నది గామా కిరణాల, న్యూట్రాన్ల కొలతలతో తేలుతుంది. నౌక పైనుంచి నికెల్ పాళ్లు చెప్పగలదు, అయస్కాంత క్షేత్రం ఉంటే పట్టగలదు. మాలిబ్డినం ఐసోటోపుల్లో పదివేలలో ఒక వంతు తేడా మాత్రం పట్టలేదు. అందుకు ముక్క చేతికి రావాలి. అంతవరకు నెడగొల్ల సంబంధం ఏదైనా తేలేది ప్రయోగశాల బల్లమీదే. వర్గం లేని ఇనుప ఉల్కలు వందకు పైగా మ్యూజియాల్లో ఉన్నాయి. వాటన్నింటి ఐసోటోపులూ ఇంకా కొలవలేదు. అంటార్కిటికా మంచుమీద, సహారా ఇసుకలో ఏటా కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి.

మన చేలల్లో కూడా దొరకవచ్చు. 2017 జూన్‌లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో, 2022 ఆగస్టులో గుజరాత్‌లోని దియోదర్‌లో ఉల్కాశిలలు పడ్డాయి. దియోదర్‌ది అరుదైన ఆబ్రైట్ జాతి. అలాంటిది భారతదేశంలో అంతకుముందు పడింది 1852లో, బస్తీ దగ్గర. గుర్తుపట్టడానికి కొన్ని లక్షణాలున్నాయి. కొత్తగా పడినదాని మీద మసిలాంటి సన్నటి నల్లపొర ఉంటుంది. పైన బొటనవేలితో నొక్కినట్టు లొత్తలు ఉండవచ్చు. లోపల బుడగల రంధ్రాలు ఉండవు. రంధ్రాలు తేనెపట్టులా ఉంటే అది చిట్టెం. అయస్కాంతానికి అంటుకోవడం ఒక్కటే చాలదు. నిజామాబాద్ చుట్టూ గ్రానైట్‌లోకి చొచ్చుకొచ్చిన డోలరైట్ రాయి కూడా నల్లగా, బరువుగా ఉంటుంది, అయస్కాంతాన్ని కొంత లాగుతుంది. అనుమానం తీరకపోతే ఆమ్లం పోయకుండా, సుత్తితో పగలగొట్టకుండా, పడినచోటు ఫొటో తీసి, మండల కార్యాలయం ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చేర్చాలి. దేశంలో ఉల్కాశిలలను భద్రపరిచే బాధ్యత ఆ సంస్థదే.

అలా వచ్చిన కొత్త ముద్ద ఏదైనా నెడగొల్ల పోలికతో తేలితే, అది ముందు వెళ్లేది మాలిబ్డినం కొలతకే. ఒక్కటి దొరికినా తోబుట్టువు దొరికినట్టు. వర్గం పేరు రావాలంటే ఇంకో మూడు కావాలి.